ఆ గాలి ఎక్కడిది?

మే నెల. రాత్రి రెండు దాటింది. నిర్మల్ పట్టణం వెనకబడి, 44వ నంబరు జాతీయ రహదారి గుట్టలెక్కడం మొదలుపెట్టింది. విజయవాడ పక్కన నున్న మార్కెట్లో మామిడికాయలు ఎత్తుకుని ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి బయల్దేరిన లారీ ఒకటి ఆ ఎత్తు మీద మెల్లగా పోతోంది. ఉన్నట్టుండి డ్రైవరు హీటర్ స్విచ్ వేశాడు.

పక్కన కునికిపాట్లు పడుతున్న క్లీనర్ కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు.

‘‘ఎండాకాలంలో హీటరేంటన్నా?’’

ఆయన బదులు చెప్పలేదు. ఎడమచెయ్యి బ్లోయర్ ముందు పెట్టి చూశాడు. గాలి వస్తోంది. కానీ అందులో వేడి లేదు. కిటికీలోంచి వచ్చే గాలి ఎలా ఉందో అదీ అలాగే ఉంది. పగలంతా ఎండలో కాలిన మనిషికి ఆ గాలి హాయిగా అనిపించాలి. ఆయనకు మాత్రం గుండె ఝల్లుమంది.

ఎందుకంటే ఎదురుగా మీటర్లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు ఎక్కుతోంది. చూస్తుండగానే జారి కిందికి దిగుతోంది. మళ్లీ ఎక్కుతోంది. డాష్‌బోర్డు వెనక నుంచి గుడగుడమని చప్పుడు... నిండు బిందెను వంచినప్పుడు వచ్చే చప్పుడు లాంటిది.

ఇంజన్ మండిపోతోంది. హీటర్ చల్లగా ఉంది. ఈ రెండూ ఒకేసారి జరగకూడదు. ఆయన లారీని రోడ్డు దించి ఇంజన్ ఆపేశాడు. వెనకాల తొట్టి నిండా బంగినపల్లి కాయ. ఢిల్లీ ఇంకా పన్నెండు వందల కిలోమీటర్ల పైనే ఉంది.

కుక్కర్‌కి చక్రాలుంటే...

మే నెలలో హీటర్ వేయడం చూసేవాళ్లకు పిచ్చిపనే. పాత డ్రైవర్లకు అదొక చిట్కా. హీటర్ అంటే కరెంటుతో ఎర్రబడే తీగల పెట్టె కాదు. అదొక బుల్లి రేడియేటర్. ఇంజన్‌లో తిరిగి వేడెక్కిన నీరే సన్నటి పైపులోంచి డాష్‌బోర్డు వెనక్కి వస్తుంది. అక్కడున్న జాలీ మీదుగా బ్లోయర్ గాలి కొడితే, అది వెచ్చబడి మనకు తగులుతుంది. అంటే హీటర్ వేసినప్పుడల్లా ఇంజన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుందన్నమాట. మనం ఉడుకుతాం, ఇంజన్ కాస్త తేరుకుంటుంది.

డీజిల్ కాలితే పుట్టే శక్తిలో సగం కూడా చక్రాలకు చేరదు. మిగిలినదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ దారిన పోతుంది. కొంత నీళ్ల దారిన రేడియేటర్‌కి చేరి బయటి గాలిలో కలుస్తుంది. ఈ నీళ్ల దారి మొత్తం మన వంటింట్లో కుక్కర్ లాంటిది. మామూలుగా నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి లోపలి ఒత్తిడిని బయటి గాలి కంటే ఒక బార్ పెంచితే దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు. కుక్కర్లో పప్పు తొందరగా ఉడికేది అందుకే. కూలెంట్ ట్యాంకు మూతలో ఉండే స్ప్రింగు కూడా అదే పని చేస్తుంది. బండిని బట్టి లెక్క మారుతుంది కానీ చాలావాటిలో ఆ ఒత్తిడి అర బార్ నుంచి ఒక బార్ వరకూ ఉంటుంది. అది దాటితే కుక్కర్ విజిల్ వేసినట్టే మూత తెరుచుకుని, లోపలిదాన్ని కొంత బయటికి వదిలేస్తుంది.

ఈ దారిలో గాలి దూరిందనుకోండి... అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ఒక లీటరు నీరు మోసే వేడిని మోయాలంటే మూడువేల లీటర్ల పైచిలుకు గాలి కావాలి. నీరున్న చోట గాలి చేరితే, వేడిని మోసే కూలీ పని మానేసినట్టే. పైగా గాలి తేలిక. నీళ్లలో ఎప్పుడూ పైకే పోతుంది. ఎక్కడ ఎత్తైన మలుపు దొరికితే అక్కడ తిష్ఠ వేస్తుంది. థర్మోస్టాట్ కింద, సిలిండర్ హెడ్ మూలల్లో, అన్నిటికంటే ఎక్కువగా డాష్‌బోర్డు వెనక ఎత్తులో ఉండే హీటర్లో.

మేడ మీద ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నింపాక, పైన నిండా నీళ్లున్నా కుళాయిలో చుక్క రాకపోవడం చాలా ఇళ్లల్లో చూసిందే. పైపు మలుపులో గాలి అడ్డం కూర్చుంటుంది. ప్లంబర్ వచ్చి ‘ఎయిర్ లాక్ అయిందండీ’ అంటాడు. లారీలోనూ అంతే. హీటర్ చల్లగా ఉండటానికి ఇంకా కారణాలున్నాయి. దాని కాక్ మూసి ఉండొచ్చు, జాలీ పూడుకుపోయి ఉండొచ్చు. కానీ చల్లటి హీటర్, గంతులేసే ముల్లు, గుడగుడ చప్పుడు... మూడూ కలిసి వచ్చాయంటే నీళ్ల దారిలో గాలి చేరిందనే ముందు అనుమానించాలి.

అందులో ముల్లు ఆడే దాగుడుమూతలు మరీ ప్రమాదం. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. గాలి బుడగలో చిక్కుకుంటే తక్కువ చూపిస్తుంది. బుడగ పక్కకు జరిగి వేడినీరు తగలగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. ‘హమ్మయ్య, ముల్లు దిగింది’ అనుకుని తోలుకుపోయినవాళ్లే ఇంజన్లు పోగొట్టుకునేది.

చెయ్యి మీద మచ్చ

క్లీనర్ టార్చి పట్టుకుని గబగబా కిందికి దూకాడు. కూలెంట్ ట్యాంకు మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే ఆయన గట్టిగా అరిచాడు. ‘‘చెయ్యి తియ్!’’

ఆయన కుడి మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి, రంగు వేరుగా ఉంటుంది. ఆయనా ఒకప్పుడు క్లీనరే. పందొమ్మిదేళ్ల వయసులో, ఇలాగే ఒక రాత్రి, సేటు తిడతాడన్న భయంతో వేడి మీదున్న రేడియేటర్ మూత తిప్పాడు. 100 డిగ్రీలు దాటినా మరగకుండా అణిగి ఉన్న నీరు, మూత వదులవగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారి ఆవిరై పైకి చిమ్మింది. నెలన్నర ఆసుపత్రి. ఆ మచ్చ చూపించి ఆయన ఎంతమంది కుర్రాళ్లకు పాఠం చెప్పాడో లెక్కలేదు.

‘‘ఎంతసేపు ఆగాలన్నా?’’

‘‘పై పైపు చేత్తో పట్టుకుంటే కాలకూడదు. నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి. అప్పటిదాకా మూత జోలికి పోవద్దు.’’

మండుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించడమూ అంతే తప్పు. ఇనుము ఉన్నట్టుండి ఒకచోట చల్లబడితే బీటలు వారుతుంది. ఇలాంటప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. ఏమీ చేయకుండా కూర్చోవడం. మామిడికాయల లోడు వెనకాల పెట్టుకుని ఏమీ చేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రాత్రి ఆయనకే తెలుసు. పచ్చిగా ఎక్కించిన కాయ ఆ వేడికి లోపల్లోపలే పండటం మొదలుపెడుతుంది. గంట గంటకూ దాని రేటు దిగుతుంది.

ఆయనకున్నది ఆ ఒక్క లారీయే. సొంతమంటే సొంతం, కాదంటే ఫైనాన్సు వాళ్లది. ఐదో తారీఖున కిస్తీ. జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు. ఆ ఏటి మామిడి సీజన్‌లో నాలుగు ట్రిప్పులు తోలితే ఆ రెండూ గట్టెక్కుతాయని లెక్క. ఇది రెండో ట్రిప్పు.

‘ఇప్పాలె అన్నా’

తెల్లవారాక ఒక లారీ ఆపి, కుర్రాణ్ణి నిర్మల్ పంపించి మెకానిక్‌ని పిలిపించాడు. పాతికేళ్లు దాటిన యువకుడు. సంచిలోంచి స్పానర్లు తీస్తూనే పరీక్ష మొదలుపెట్టాడు. అప్పటికి ఇంజన్ చల్లారింది. మూత తీస్తే ట్యాంకులో నీరు అడుగున ఉంది. నాలుగు లీటర్లు పోశాక నిండింది. మూత బిగించకుండానే ఇంజన్ స్టార్ట్ చేయించాడు.

నిమిషం గడిచిందో లేదో, ట్యాంకులో బుడగలు. ముందు ఒకటీ రెండూ. తర్వాత వరసగా... పొయ్యి మీద ఎసరు కాగుతున్నట్టు. నీరు చూస్తే ఇంకా గోరువెచ్చగానే ఉంది.

‘‘హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నా. సిలిండర్ల గ్యాస్ నీళ్లలకు వస్తుంది. ఇప్పాలె. నాలుగు దినాలు పడ్తది.’’

‘‘ఎంతవుద్ది?’’

‘‘అరవై వేలకు తక్కువ కాదు. లోపట హెడ్డు వంగిందనుకో, ఇంకెక్కువ.’’

ఆ కుర్రాడు మోసగాడేమీ కాదు. మరగని నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తే ఎవరైనా మొదట అనుమానించేది హెడ్ గ్యాస్కెట్‌నే. సిలిండర్లో డీజిల్ మండే చోటుకీ, పక్కనే నీళ్లు తిరిగే దారికీ మధ్య అడ్డుగోడ అది. దానికి సందు పడితే మండిన వాయువు నీళ్లలోకి తన్నుకొస్తుంది. కానీ నాలుగు రోజులంటే లోడు పోయినట్టే. వేరే లారీకి కాయ మార్చాలంటే కూలి, కిరాయి అన్నీ ఆయన మీదే.

ఇంటికి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విన్నది. ఏడవలేదు, కంగారు పడలేదు. ‘‘ఒక్క నిమిషం ఉండండి’’ అని లోపలికి వెళ్లి లారీ ఖర్చుల పుస్తకం తెచ్చుకుంది. డీజిల్, టోల్‌గేటు, టైరు పంక్చరు... అన్నీ అందులో ఆవిడే రాస్తుంది.

‘‘ఏప్రిల్ నుంచి మూడుసార్లు కూలెంట్ డబ్బా రాశానండీ. రెండుసార్లు ‘గాలి తీసిన కూలి’ అని రాశాను. అప్పుడే అడిగాను కదా, ఆ నీళ్లు ఎటు పోతున్నాయని. బండి కింద ఒక్క చుక్క కారడం లేదన్నారు.’’

అడిగిన మాట నిజమే. ‘బండ్లన్నాక గాలి పట్టుద్ది, తీయించాలే’ అని తీసిపారేసిందీ నిజమే. పొలంలో ఆయిల్ ఇంజన్‌కి గాలి పడితే తీస్తాం, పనైపోతుంది. లారీకీ అంతే అనుకున్నాడు. గాలి తీసిన ప్రతిసారీ పది పదిహేను రోజులు బండి శుభ్రంగా తిరిగింది. దాంతో రోగం తగ్గిందనుకున్నాడు. తగ్గింది రోగం కాదు, జ్వరం.

‘‘ఒకసారి ఆటోనగర్ పెద్ద మేస్త్రీ గారికి చెప్పి చూడండి. ఇప్పే ముందు ఆయన మాట వినండి’’ అంది ఆవిడ.

ఫోన్‌లో వైద్యం

ఆటోనగర్‌లో డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఆ మేస్త్రీ ఇప్పుడు స్పానర్ పట్టడం తగ్గించాడు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చెవితో రిపేరు చేస్తాడని పేరు.

‘‘బాబాయ్, హెడ్ పోయిందంటున్నారు.’’

‘‘బుడగలు చూసి అన్నాడా? సరే. ముందు ఆయిల్ గేజు పుల్ల తీసి చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉందా?’’

‘‘లేదు. నల్లగానే ఉంది.’’

‘‘పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్లోంచి తెల్లపొగ దట్టంగా వచ్చిందా?’’

‘‘రాలేదు.’’

‘‘లాగుడు?’’

‘‘లాగుడు బాగానే ఉంది బాబాయ్.’’

‘‘ఇవి లేనంత మాత్రాన హెడ్ బాగుందని చెప్పలేం అబ్బాయ్. కొన్నిసార్లు అది పోయినా ఇవేవీ కనపడవు. నా దగ్గరుంటే ఆ నీలం మందు పెట్టి చూసేవాణ్ణి. మండిన గ్యాస్ తగిలితే రంగు మారుద్ది. అక్కడ అది లేదుగా. ఒక మాట చెప్పు. ఆ బుడగలు ఎప్పుడు వస్తున్నాయి?’’

‘‘ఎప్పుడేంటి... ఇంజన్ తిరిగినప్పుడు.’’

‘‘ఆగకుండా వస్తున్నాయా? మధ్యలో ఏమైనా ఆగుతున్నాయా? చూశారా?’’

ఎవరూ చూడలేదు. బుడగలు కనపడగానే ఇంజన్ ఆపేశారు.

‘‘నీ బండిలో గాలి కొట్టే యంత్రం ఇంకోటుంది, మర్చిపోయావా? బ్రేకులకు గాలి ఎక్కడినుంచి వస్తుంది?’’

ఆయన మాట్లాడలేదు. విషయం అప్పుడప్పుడే బుర్రకెక్కుతోంది.

లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఆ గాలిని ట్యాంకుల్లో నింపడానికి ఇంజన్‌కి ఆనుకుని ఒక కంప్రెసర్ ఉంటుంది. గాలిని అదిమితే వేడి పుడుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే చాలా లారీల్లో కంప్రెసర్ తలను కూడా ఇంజన్ నీళ్లతోనే చల్లబరుస్తారు. అంటే అక్కడ కూడా ఒక పక్క అదిమిన గాలి, ఇంకో పక్క నీళ్లు. మధ్యలో పల్చటి ప్యాకింగ్. నీళ్ల వైపు ఒత్తిడి మహా అయితే ఒక బార్. గాలి వైపు 8 బార్ల దాకా ఉంటుంది. ఆ ప్యాకింగ్‌లో చీమ దూరేంత సందు పడినా బ్రేకులకు పోవాల్సిన గాలి నీళ్లలోకి పోతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూత తెరుచుకుని నీరు ఆవిరిగా, తుంపరగా దారి పొడవునా బయటికి పోతుంది. బండి ఆగి ఉన్నప్పుడు కింద చుక్క కనపడదు. నీరు తగ్గిన చోట గాలి చేరుతుంది. పంపు నీళ్లకు బదులు నురగ తోడుతుంది. హీటర్ చల్లబడుతుంది.

‘‘అయితే కంప్రెసర్ ఎప్పుడూ గాలి అదమదు’’ అన్నాడు మేస్త్రీ. ‘‘ట్యాంకు నిండగానే ‘ఛుస్స్’మని వదిలేసి ఊరికే తిరుగుద్ది. ఇంజన్ హెడ్‌కి ఆ సెలవు లేదు. ఇప్పుడు అర్థమైందా ఏం చూడాలో? నువ్వు ఎయిర్ మీటర్ దగ్గర కూర్చో. ఆ అబ్బాయిని నీళ్ల ట్యాంకు దగ్గర నిలబెట్టు. ఫోన్ ఆన్‌లోనే ఉంచు.’’

ఇంజన్ స్టార్ట్ చేశారు. ఆయన బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కి ట్యాంకుల్లో గాలి తగ్గించాడు. ఎయిర్ మీటర్ ముల్లు దిగింది. కంప్రెసర్ మళ్లీ నింపడం మొదలుపెట్టింది.

‘‘బుడగలు వస్తున్నయన్నా!’’ మెకానిక్ కుర్రాడి కేక.

ఆరు... ఆరున్నర... ఏడు... బుడగలు వస్తూనే ఉన్నాయి. ఎనిమిది. ‘ఛుస్స్’.

‘‘ఇప్పుడు?’’

కాసేపు జవాబు లేదు. ‘‘తగ్గుతున్నయ్... ఆగినయ్! నీళ్లు చెర్వు లెక్క నిలబడ్డయన్నా!’’

మళ్లీ బ్రేకు తొక్కారు. మళ్లీ బుడగలు. మళ్లీ ఛుస్స్. మళ్లీ నిశ్శబ్దం. మూడోసారీ అంతే. ఆఖరి రుజువు కూడా చూడమన్నాడు మేస్త్రీ. కంప్రెసర్‌కి వచ్చే పోయే నీళ్ల పైపులు రెండూ విప్పి, వాటిని ఒకదానికొకటి కలిపి, ఐదు నిమిషాలు మాత్రం ఇంజన్ ఊరికే తిప్పమన్నాడు. నీళ్లు లేకుండా ఎక్కువసేపు తిప్పితే కంప్రెసర్ కాలిపోతుంది కాబట్టి అంతకు మించి వద్దన్నాడు. ఆ ఐదు నిమిషాల్లో ట్యాంకులో ఒక్క బుడగ రాలేదు.

ఇంజన్ నిక్షేపంగా ఉంది. పోయింది కంప్రెసర్ హెడ్ ప్యాకింగ్. దాని ఖర్చు వందల్లో. కూలితో కలిపినా మూడువేలు దాటదు.

‘‘పదేండ్ల సంది ఈ పని చేస్తున్న. గిట్ల నేనెప్పుడు సూడలే’’ అన్నాడు మెకానిక్. ఫోన్‌లో మేస్త్రీ నవ్వాడు. ‘‘నేనూ పదేళ్లప్పుడు చూళ్లేదు నాయనా. ఒకడి ఇంజన్ అనవసరంగా ఇప్పాకే నేర్చుకున్నా. ఆ పాపం ఇంకా గుర్తుంది.’’

గాలి తీసే పద్ధతి

ప్యాకింగ్ నిర్మల్‌లోనే దొరికింది. పాతది తీసి చూస్తే అంచున వెంట్రుక లాంటి నల్లటి గీత. అరవై వేలు మింగబోయింది ఆ గీతే. కంప్రెసర్ తలను అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, సమంగా అయ్యేదాకా రుద్ది, కొత్త ప్యాకింగ్ వేసి బిగించారు.

ఇక మిగిలింది లోపల చిక్కుకున్న గాలిని సాగనంపడం. గాలి వచ్చే దారి మూశాక, ఇప్పుడు తీస్తే అది ఊరికే పోదు.

లారీ ఎత్తు మీదే ఆగి ఉంది కాబట్టి ముందు భాగం సహజంగానే పైకి ఉంది. గాలి పైకే పోతుంది కనుక అది కలిసొచ్చింది. హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టారు. అలా పెడితేనే దాని కాక్ తెరుచుకుని, హీటర్లోని గాలికి దారి దొరుకుతుంది. ఇంజన్ మీదున్న గాలి వదిలే స్క్రూ కాస్త వదులు చేశారు. నీళ్లూ కూలెంటూ కలిపిన ద్రవాన్ని సన్నటి ధారగా పోశారు. తొందరపడి గుమ్మరిస్తే నీటితోపాటు గాలినీ లోపలికి తోసినట్టే. స్క్రూ దగ్గర బుడగలు ఆగి, నీరు మాత్రమే రావడం మొదలయ్యాక దాన్ని బిగించారు.

తర్వాత మూత తీసి ఉంచే ఇంజన్ తిప్పారు. పైపుల్ని చేత్తో పిసికి వదులుతుంటే లోపలి బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. నీరు 80 డిగ్రీలు దాటిన చోట థర్మోస్టాట్ తెరుచుకుంది. ట్యాంకులో మట్టం ఒక్కసారిగా పడిపోయింది. మళ్లీ పోశారు. గాలి తీసేవాళ్లు చాలామంది ఈ థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగరు. చల్లటి ఇంజన్‌లోనే నింపి, మూత బిగించి పంపించేస్తారు. పది కిలోమీటర్లు పోయాక గుడగుడ మళ్లీ మొదలవుతుంది. మట్టం కదలకుండా నిలిచాకే వీళ్లు మూత వేశారు.

మధ్యాహ్నం పన్నెండైంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన క్యాబిన్ ఎక్కి బ్లోయర్ ముందు చెయ్యి పెట్టాడు. పొయ్యి మూతి దగ్గర పెట్టినట్టు భగ్గుమంది. క్లీనర్ తట్టుకోలేక కిందికి దూకేశాడు. ఆయన మాత్రం ఆ వేడిలో చెమటలు కారుతుండగా రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. మే నెల మధ్యాహ్నం వేడిగాలి తగిలి ఒక మనిషి అంత సంతోషపడటం ఆ కుర్రాడు అంతకుముందెప్పుడూ చూడలేదు.

కార్లున్నవాళ్లకూ...

కార్లకు ఎయిర్ బ్రేకులుండవు కనుక ఈ కంప్రెసర్ గొడవ ఉండదు. మిగతా లక్షణాలు మాత్రం అవే. కూలెంట్ మట్టం తరచూ తగ్గుతున్నా, హీటర్ ఉన్నట్టుండి చల్లబడినా, డాష్‌బోర్డు వెనక నీళ్ల చప్పుడు వినిపించినా నిర్లక్ష్యం చేయకూడదు. నెలకోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మట్టం చూసుకుంటే చాలు. రేడియేటర్ మార్చినా, పైపు మార్చినా గాలి చేరడం సహజం. దాన్ని ఒకసారి తీస్తే మళ్లీ రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో దారి ఉన్నట్టు. పాడైన మూత, పంపు దగ్గర గాలి పీల్చే పైపు, హెడ్ గ్యాస్కెట్... ఏదైనా కావచ్చు. మెకానిక్‌ని ‘గాలి తీశారా?’ అని కాదు, ‘గాలి ఎక్కడినుంచి వచ్చింది?’ అని అడగాలి.

2025 నుంచి మన దేశంలో కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. ఎండల్లో వేల కిలోమీటర్లు తోలేవాళ్లకు అది పెద్ద ఊరట. కాకపోతే అద్దాలు మూసుకున్నాక లోపలి చప్పుళ్లు వినడానికి చెవుల్ని కాస్త ఎక్కువ రిక్కించాలి.

లోడు సగం రోజు ఆలస్యంగా ఢిల్లీ చేరింది. అడుగు వరస పెట్టెల్లో కాయ మెత్తబడిందని వ్యాపారి రేటు కొంత కోశాడు. కిరాయిలోనూ కొంత తగ్గింది. అయినా ఐదో తారీఖు కిస్తీ ఆగలేదు. జూన్‌లో అమ్మాయి ఫీజూ కట్టారు.

ఇల్లు చేరాక ఆయన స్నానం చేసి, అన్నం తిని, ఖర్చుల పుస్తకం అడిగి తీసుకున్నాడు. ‘గాలి తీసిన కూలి’ అని రాసి ఉన్న రెండు గీతలనూ చూశాడు. ఆవిడ ఆయన ముఖం చూసి ఏమీ అనలేదు.

‘‘ఇక నుంచి కూలెంట్‌కి వేరే పేజీ పెట్టు. ఏ రోజు ఎంత పోశానో చెబుతా, రాయి’’ అన్నాడు ఆయన.

ఆవిడ కొత్త పేజీ తీసి పైన తారీఖు వేసింది. ఆ సీజన్ అయిపోయేదాకా ఆ పేజీలో ఇంకేమీ రాయాల్సిన అవసరం రాలేదు.